తన మేకుకు తానే వేలాడిన కమ్మరి

మా ఇంట్లో కొడవలి వాదర పోతే మా నాన్న పట్నంలో కొత్తది కొనడు. రెండు మైళ్ళు నడిచి పక్క ఊరి కమ్మరి దగ్గరికి పోతాడు. “కొట్లో చవగ్గా వస్తుంది గదా నాన్నా” అంటే, “ఆయనకూ ఎకరం చేనుందిరా. తను కొట్టిన కొడవలితో తనే కోస్తాడు” అన్నాడు. మొన్న లోహాల గురించి చదువుతూ ఇవాన్ షునార్డ్ అనే అమెరికా కమ్మరి సంగతి తెలుసుకున్నప్పుడు ఈ మాటే గుర్తుకొచ్చింది.

షునార్డ్ పుట్టుకతో కమ్మరి కాడు. 1938లో పుట్టాడు. కాలిఫోర్నియాలో కుర్రవాడుగా ఉన్నప్పుడు డేగల గూళ్ళు చూడడానికి తాడు పట్టుకొని కొండచరియలు దిగేవాడు. ఆ సరదాయే కొండలెక్కే పిచ్చిగా మారింది. నిట్టనిలువు బండ ఎక్కేవాళ్ళకు ఆ రోజుల్లో ప్రాణాధారం పిటాన్ అనే ఇనుప మేకు. బండ పగుల్లో దాన్ని సుత్తితో దిగ్గొట్టి, దాని బెజ్జానికి కొక్కెం తగిలించి, అందులోంచి తాడు పోనిస్తారు. కాలు జారినప్పుడు ఆ మేకు నిలిస్తేనే మనిషి నిలుస్తాడు.

యూరప్ మేకులు మెత్తని ఇనుపవి. పగులు వంకర ఎలా ఉంటే అలా ఒదిగిపోతాయి. ఊడదీయబోతే పాడవుతాయి గనుక అక్కడే వదిలేసేవారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఇది కుదరదు. అక్కడి ఎల్ కాపిటాన్ బండ ఒక్కటే సుమారు 3,000 అడుగులు. రోజుల తరబడి ఎక్కుతూ వందల చోట్ల మేకులు కొట్టాలి. అన్నీ మోసుకుపోయేదెవరు? కొట్టిందే పీకి మళ్ళీ కొట్టాలి. అంటే గట్టి ఉక్కు కావాలి. జాన్ సలాతే అనే స్విట్జర్లాండు కమ్మరి, ఆయనా కొండలెక్కేవాడే, అంతకుముందే అలాంటివి చేసి చూపించాడు. 1957లో షునార్డ్ పాతసామాన్ల కొట్లో బొగ్గుల కొలిమి, 138 పౌన్ల దాగలి కొని, తనంతట తానే పని నేర్చుకున్నాడు. మొదటి మేకులు దేనితో చేశాడనుకున్నారు? పాత కోతయంత్రం బ్లేడుతో! (రైతుబిడ్డగా నాకిక్కడ కొంచెం గర్వం.) వాటితో ముందు తనే యోసెమిటీ గోడలెక్కాడు.

తర్వాత క్రోమియం-మాలిబ్డినం ఉక్కుకు మారాడు. గంటకు రెండు మేకులు చేసేవాడు, ఒక్కోటి డాలరున్నర. యూరప్ మేకు 20 సెంట్లకే వచ్చేది. అయినా ఇతను కారు వెనక పెట్టుకొని అమ్మితే తోటివాళ్ళు కొన్నారు. మేకు దిగుతుంటే సుత్తిదెబ్బ మోత పైస్థాయికి పోవాలి. అదే గట్టిగా పట్టిందనడానికి గుర్తు. ఆ మోత అమ్మేవాడి చెవికీ తెలుసు, కొనేవాడి చెవికీ తెలుసు. ఇంక ప్రకటనలు దేనికి?

రేపు మనలో కొందరం మందుల కంపెనీలకో విత్తనాల కంపెనీలకో ప్రతినిధులుగా వెళ్తాం. కొనేవాడితో నాలుగాటలు షటిల్ ఆడితే నమ్మకం కుదురుతుందని చెప్పేవాళ్ళున్నారు. పరిచయం కుదురుతుంది, కాదనను. కానీ షునార్డ్ ఆడింది అలాంటి ఆట కాదు. సరుకు చెడ్డదైతే ముందు పడేది తనే. మా మిరప తోటకు మందిచ్చిన కొట్టాయన ఆకు చూడకుండానే చీటీ రాశాడు. పూత రాలిపోయాక ఆయనే ఇంకో మందు రాశాడు. ఆ ఏడు మా అక్క పెళ్ళి ఆగిపోయింది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. టామ్ ఫ్రాస్ట్ అనే ఇంజనీరు, అతనూ కొండలెక్కేవాడే, 1965లో షునార్డ్‌తో భాగస్వామిగా చేరాడు. 1970 నాటికి ఈ సామగ్రి అమ్మకాల్లో అమెరికాలో వీళ్ళదే మొదటిస్థానం. ఆ రోజుల్లోనే షునార్డ్ ఎల్ కాపిటాన్ మీద నోస్ అనే దారిలో ఎక్కి, కలవరపడి దిగాడు. కొన్నేళ్ళ క్రితం చెక్కు చెదరని బండ ఇప్పుడు గుంటలు పడి ఉంది. గట్టి ఉక్కును అదే పగుల్లో కొట్టడం, పీకడం, మళ్ళీ కొట్టడం. తన మేకులే ఆ పని చేశాయి. ఇలాంటిది లెక్కల పుస్తకంలో కనబడదు, గోడకు వేలాడేవాడికే కనబడుతుంది. వ్యాపారంలో 70 శాతం ఆ మేకులదే. అయినా క్రమంగా మానేద్దామని ఇద్దరూ నిశ్చయించుకున్నారు.

బదులుగా చాక్‌లు అనే అల్యూమినియం ముక్కలు తెచ్చారు. వీటికి సుత్తి అక్కర్లేదు. పగులు కిందికి సన్నబడే చోట చేత్తో దూరుస్తారు. బరువు పడేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. హైస్కూల్లో చదివిన వాలుతలం సూత్రమే. ఇంగ్లండులో ఈ పద్ధతి ఉంది గానీ అమెరికాలో నమ్మినవాళ్ళు తక్కువ. చేత్తో పెట్టింది చేత్తోనే ఊడిరాదా అని భయం. 1972 కేటలాగులో డగ్ రాబిన్సన్ రాసిన 14 పేజీల వ్యాసం వేసి సంగతంతా విడమరిచి చెప్పారు. కొద్ది నెలల్లోనే, చేసేదానికన్నా వేగంగా చాక్‌లు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడు షునార్డ్, బ్రూస్ కార్సన్ సుత్తులు లేకుండా అదే నోస్ దారిలో పైదాకా ఎక్కారు.

ఈ నమ్మకం కొండ దాటి బయటికి పాకలేదు. తర్వాత సంస్థమీద దావాలు పడ్డాయి. వేసినవాళ్ళలో కిటికీలు తుడిచే మనిషి, ప్లంబరు, ఆ తాడుతో తాడులాగుడు పందెం ఆడి చీలమండ విరగ్గొట్టుకున్నవాడు కూడా ఉన్నారు! 1989లో సంస్థ దివాలా రక్షణ కోరింది. అందులో పనిచేసేవాళ్ళే దాన్ని కొని బ్లాక్ డైమండ్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళూ కొండలెక్కేవాళ్ళే.