యెషయా ద్రాక్షతోట, మన ఈతవనము

పాఠ్యభాగము: యెషయా 5:1–12



తాడ్వాయి ప్రాంతపు సంఘములలో ఈ అధ్యాయము చదువునప్పుడు ఒక చిక్కు కలదు. మన పొలముల గట్లమీద ఈతచెట్లు, తాటిచెట్లు కనబడును గాని ద్రాక్షపందిరి కనబడదు. ద్రాక్షపండు మనకు సంతలోని సరుకు. కనుక యూదా దేశపు రైతుకు తగిలిన మాట మనకు అంత సూటిగా తగులదు. ఈ నెల ఈ పాఠమును మన ఈతచెట్ల క్రిందనే కూర్చుండి చదువుదము.

మొదటి రెండు వచనములు పనిని గూర్చినవి. తోటవాడు నేల త్రవ్వెను, రాళ్లు ఏరి పారవేసెను, మేలైన తీగెలు నాటెను, కావలికి బురుజు కట్టెను, రసము తీయుటకు తొట్టి తొలిపించెను. ఒక్క కాయయైనను కాయకముందే తొట్టి సిద్ధమైనదని గమనింపుడి. ఆ తొట్టిని ప్రవక్త నిందింపలేదు. ఈ సంగతి మరువవద్దు. ముందు దీనితో పని యున్నది.

పాట ముగియగానే ఎనిమిదవ వచనములో, ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనువారికి శ్రమ అని వచ్చును. ఆ వెంటనే, పది జతల యెడ్లు ఒక దినము దున్నునంత తోటకు ఒక బత్తు రసమే దొరకునని చెప్పబడినది. బత్తు అనగా ఇంచుమించు 22 లీటర్లు. ద్రాక్షతోట పాట వెంట భూమి మాట ఎందుకు వచ్చెనో తెలియవలెనంటే హైదరాబాదు చుట్టుపట్ల జరిగినది చూచిన చాలును. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ అక్కడ నాటించిన అనాబ్-ఎ-షాహి అను రకము పేరు పొంది, రంగారెడ్డి, మెదకు జిల్లాల వరకు పందిళ్లు లేచినవి. ఏటికి రెండు కత్తిరింపులు, ఒకే పంట. ఎండలు ముదిరినప్పుడు ఒకమారు, వానలు వెనుకబడినప్పుడు ఒకమారు కత్తెర పట్టుకొని పందిరి క్రింద తల యెత్తి నిలువవలెను; ఆ మెడనొప్పి కూలివారికే తెలియును. తరువాత బోరులలో నీరు అడుగంటెను. పట్టణము ప్రక్కకు వచ్చెను. పందిళ్లు పీకి ప్లాట్లు చేసిరి. తోట పోయినను యజమానునికి భూమి ధర మిగిలెను. కత్తెర పట్టిన చేతికి ఏమియు మిగులలేదు. ఒక ప్రాంతము బాగుపడెనని లెక్క వ్రాయువారు ఈ రెండవ చేతిని గూడ లెక్కలో చేర్చవలెనని మేమందుము.

మన ఈతవనమునకు వత్తము. నిజాము కాలమున ఆబ్కారీ సర్కారు రాబడిలో పెద్ద పద్దు. చెట్టు గుత్తేదారు చేతిలో నుండెను. మోకు కట్టి ఎక్కువాడు మాత్రము కూలివాడు. బొమ్మగాని ధర్మభిక్షము వంటివారు గీతపనివారిని కూడగట్టి, గీయువానికే చెట్టు ఉండవలెనని పోరాడిరి. ఆ మీదట గీత సహకార సంఘములకు చెట్లు ఇచ్చు పద్ధతి వచ్చినది. యెషయా 3:14 చదువుడి: ద్రాక్షతోటను మేసివేసి, బీదల సొమ్ము ఇండ్లలో దాచుకొన్న పెద్దలమీద దేవుడు వ్యాజ్యెము తెచ్చుచున్నాడు. గుత్తేదారు సంగతి ఇంతకంటె వేరుగా నుండెనా?

చెట్టునుండి పడి నడుము విరిగినవారి కుటుంబములు మన గ్రామములలో నున్నవి. 2024లో ప్రభుత్వము గీతపనివారికి రక్షణ పరికరములు ఇచ్చుట మొదలుపెట్టినది. ఇది మెచ్చదగిన పని. తెల్లవారకముందు దించిన నీరా తియ్యగా నుండును, ఎండెక్కిన కొలది పులిసి కల్లగును. ఆ నీరాను అమ్ముటకు 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున ఒక కేంద్రము తెరిచిరి. మనలో కల్లు ముట్టనివారు అనేకులు, అది మంచిదే. అయినను కల్లు మీది కోపమును చెట్టెక్కి బ్రదుకువాని మీద చూపుట తొట్టిని నిందింపని ప్రవక్త నేర్పిన పద్ధతి కాదు.

ఇక పదకొండవ వచనము, ప్రొద్దున లేచినది మొదలు త్రాగువారిని గూర్చినది. యెషయా దినములలో ద్రాక్షారసములో నీళ్లు కలిపిరని 1:22 చెప్పుచున్నది. ఈ దినములలో నీళ్లతో పోలేదు. చెట్లు తక్కువ, దుకాణములో కల్లు ఎక్కువ. ఆ లోటు డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులతో పూడ్చుచున్నారు. 2025 ఏప్రిల్‌లో మన కామారెడ్డి జిల్లాలోనే కల్తీ కల్లు త్రాగి పదులకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. చెట్టుకల్లు అనుకొని కూలిడబ్బులు పెట్టి మందు కొనుచున్నాడు పేదవాడు. గీతపనివానికి చెట్టు బేరము పోవుచున్నది, త్రాగువానికి ఒళ్లు పోవుచున్నది.

ఈ విషయములో మన సంఘములు ఒక తప్పు చేయుచున్నవి. మనిషి మారుమనస్సు పొంది ఒక్కసారిగా మానివేయవలెనని కోరుచున్నాము. కోరుట సరియే. అయితే ఆ మందులకు అలవాటుపడిన దేహము అవి లేనిదే రెండు మూడు దినములలో వణకును, నిద్ర పట్టదు, లేని రూపములు కనబడును, మూర్ఛలు వచ్చును. ప్రాణము గూడ పోవచ్చును. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ ఆసుపత్రులకు ఇట్టి స్థితిలో వచ్చినవారు పెక్కుమంది. దానిని దయ్యమని యెంచి గదిలో కట్టివేయుట, భూతవైద్యునియొద్దకు తీసికొనిపోవుట ప్రమాదకరము. మానదలచినవాడు మానకముందే వైద్యుని చూడవలెను. వైద్యుడు మందిచ్చి కొంచెము కొంచెముగా మాన్పించును. ప్రార్థన ఆసుపత్రి మంచము ప్రక్కన గూడ చేయవచ్చును.

కనుక సంఘ పెద్దలు ఈ ఆదివారము ఆరాధన తరువాత కూర్చుండి, అట్టి ఇల్లు తమ వీధిలో ఏది యున్నదో నెమ్మదిగా, నలుగురిలో పేరు చెప్పక, కనుగొనవలెను. ఆసుపత్రికి వెంట పోవువారెవరు, ఆటో కిరాయి ఎవరిది, భార్య రోగి దగ్గర నుండగా ఆ రాత్రి పిల్లలకు అన్నము పెట్టువారెవరు అనునవి ముందుగానే అనుకొని యుండవలెను.