మచ్చలు లెక్కపెట్టకు

బుజ్జీ,

బొబ్బర్ల తీగ ఫోటో చూశాను. పేనుబంక పక్కనున్న నారింజ రంగు పురుగుకి మచ్చలు లెక్క తేలలేదని రాశావు. తేలదు. అక్షింతల పురుగుల్లో మన చేలల్లో తరచూ కనబడే రకం అది. కైలోమెనెస్ సెక్స్‌మాక్యులాటా అంటారు. 1781లో దీన్ని వర్ణించిన శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ ఆరు మచ్చలన్నాడు గానీ, మనకి కనిపించేవి వంకరటింకర నల్ల గీతలే. ఒక్కో రెక్క మీద అడ్డంగా రెండు గీతలు, చివర ఒక మచ్చ, రెక్కలు కలిసేచోట నిలువుగా నల్లచార. కొన్ని పసుపు, కొన్ని ఎరుపు. కొన్నింట్లో గీతలు కలిసిపోయి వీపంతా నల్లగానే ఉంటుంది. పొడవు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు.

అందుకే వీపు మెరుస్తోందా లేదా, అది ముందు చూడు. వంగ, కాకర ఆకుల మీద ఉండే ఎపిలాక్నానీ మనవాళ్ళు అక్షింతల పురుగనే అంటారు. దానికి వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, మెరుపుండదు. ఈనెలు వదిలేసి ఆకు పచ్చదనమంతా గీకి తింటుంది. పిల్ల పురుగు పసుపు రంగులో, ఒంటినిండా ముళ్ళతో ఉంటుంది. పైరుకి శత్రువు అదే.

నీ ఫోటోలోది పేనుబంకని తింటుంది. దాని పిల్ల పురుగుని చూస్తే మాత్రం ఎవరైనా హడలిపోతారు: నల్లటి ఒళ్ళు, తెల్లటి చారలు, పొడుగు కాళ్ళు, అచ్చం చిన్న మొసలి. చీడపురుగనుకుని నలిపేసేది దీన్నే! ఆకు అడుగున నిలువుగా గుత్తిగా పెట్టిన పసుపు గుడ్లు కనబడితే ముట్టుకోకు. తిండి కరువైతే ఆ గుడ్లని సొంత జాతి పిల్లలే తినేస్తాయి, అది వేరే సంగతి.

పాకిస్తాన్ నుంచి శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, జపాన్ దాకా ఉంది ఈ పురుగు. ఈమధ్య దక్షిణ అమెరికాలోనూ కనబడింది. పేనుబంకతో పాటు పిండినల్లినీ తింటుంది కాబట్టి చాలా పైర్ల మీద బతకగలదు.

మీ నాన్న మందు కొడదామంటున్నాడట. కొడితే ఇవీ చస్తాయి. పేనుబంక మాత్రం మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, మిగిలిన నాలుగు చాలు మళ్ళీ తీగంతా నిండడానికి. ముందు ఆకులు తిప్పి చూడు. మొసలి పిల్లలు బాగా కనబడితే నాన్నని కొన్నాళ్ళు ఆగమను, నేను చెప్పానను.

మీ మామయ్య