పరుగు, నిలకడ: లారా దాల్‌మయర్ క్రీడాజీవిత పరిశీలన

బయాథ్లాన్ అనే క్రీడ మన విద్యార్థులకు అంతగా పరిచితమైనది కాదు. శీతకాలమంతా మంచు కప్పుకొని ఉండే దేశాలలో పుట్టి, అక్కడనే పెరిగిన క్రీడ అది. లాటిన్‌లో ‘బి’ అనగా రెండు, గ్రీకులో ‘ఆథ్లాన్’ అనగా పోటీ. మన వ్యాకర్తలు చూచినచో వైరిసమాసమని ముఖం చిట్లించే పదం. ఆ రెండింటిలో ఒకటి స్కీలపై మంచులో పరుగు, రెండవది తుపాకి గురి. ఈ రెంటిలోను ఆరితేరి, 2017, 2018 సంవత్సరాలలో తనకు సాటి లేదనిపించుకొన్న జర్మన్ యువతి లారా దాల్‌మయర్. ఆమె 2025 జూలైలో, ముప్పది ఒకటవ ఏట, కారకోరం పర్వతాలలో మరణించింది. పతకాల లెక్క ఒక్కటే చూచినచో ఆమె జీవితం అర్థం కాదని మా అభిప్రాయం. ఎక్కడ పరుగెత్తవలెనో, ఎక్కడ ఆగవలెనో ఎరిగిన మనిషిగా ఆమెను ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

ముందుగా ఆట స్వరూపం తెలియాలి. క్రీడాకారిణి కనీసం 3.5 కిలోల బరువు గల రైఫిలును వీపున తగిలించుకొని, కాళ్లకు సన్నని స్కీలు తొడిగి, చేతి కర్రలతో మంచును నెట్టుకొంటూ ఎత్తుపల్లాల దారిలో కొన్ని కిలోమీటర్లు పరుగెత్తి కాల్పుల స్థలం చేరుతుంది. అక్కడ 50 మీటర్ల దూరంలో ఐదు నల్లని గుండ్రని లక్ష్యాలు వరుసగా ఉంటాయి. ఒకసారి బోర్లా పడుకొని, మరొకసారి నిలబడి వాటిని కొట్టాలి. పడుకొన్నప్పుడు గుండు తగులవలసిన వృత్తం అడ్డుకొలత 45 మిల్లీమీటర్లు, అనగా నిమ్మకాయ పాటిది. నిలబడినప్పుడు 115 మిల్లీమీటర్లు, ఇంచుమించు పీచు ఒలిచిన కొబ్బరికాయ పాటిది. తగిలిన లక్ష్యం తెల్లబడుతుంది. తప్పిన ప్రతి గుండుకు 150 మీటర్ల శిక్షావలయం ఒకసారి చుట్టి రావాలి. అందుకు ఇరువది సెకన్లకు పైగా పడుతుంది. ఇండివిడ్యువల్ అనే 15 కిలోమీటర్ల పందెంలో మాత్రం ఈ చుట్టుకు బదులు, దాల్‌మయర్ పాల్గొన్న కాలంలో, ఒక్కొక్క తప్పుకు ఒక నిమిషం కలిపేవారు. సెకన్ల తేడాతో పతకాలు చేతులు మారే ఆటలో ఇది చిన్న శిక్ష కాదు.

మహిళల స్ప్రింట్ పందెం దూరం 7.5 కిలోమీటర్లు, కాల్పులు రెండుసార్లు. పర్స్యూట్ 10 కిలోమీటర్లు, కాల్పులు నాలుగుసార్లు. స్ప్రింట్‌లో ఎవరు ఎన్ని సెకన్లు వెనుకబడినారో అన్ని సెకన్ల ఆలస్యంగా పర్స్యూట్‌లో బయలుదేరుతారు. అందుచేత ముందున్నవారికి వెన్నంటి వచ్చేవారి భయం, వెనుకనున్నవారికి అందుకోవలెనన్న ఆరాటం. ఈ క్రీడలో మొదటి ప్రపంచ పోటీలు 1958లో ఆస్ట్రియాలోని సాల్‌ఫెల్డెన్‌లో జరిగాయి. 1960లో అది ఒలింపిక్స్‌లో చేరింది. మహిళలకు ఆ ద్వారం తెరవడానికి 1992 వరకు ఆగవలసివచ్చింది. ముప్పది రెండేళ్లు! ఆ తలుపు తెరచిన మరుసటి సంవత్సరమే, 1993 ఆగస్టు 22న, జర్మనీ దక్షిణపు కొసన ఆల్ప్స్ పాదాల వద్దనున్న గార్మిష్ పార్టెన్‌కిర్షెన్‌లో దాల్‌మయర్ జన్మించింది.

ఈ ఆటలోని అసలు కష్టం పరుగులో లేదు, గురిలోను లేదు. ఒకదాని నుండి రెండవదానికి మారుటలో ఉన్నది. మత్స్యయంత్రాన్ని కొట్టిన అర్జునుడు ఏడు కిలోమీటర్లు కొండదారిన పరుగెత్తి వచ్చి విల్లు ఎక్కుపెట్టలేదు. బయాథ్లాన్ క్రీడాకారిణి గుండె నిమిషానికి 170 సార్లకు పైగా కొట్టుకొంటూ ఉండగా కాల్పుల చాప చేరుతుంది. రొప్పు వలన భుజాలు ఎగసిపడుతుంటాయి, చలికి వ్రేళ్లు కొంకర్లు పోతుంటాయి. అర నిమిషంలో ఐదు గుండ్లూ కాల్చి లేచిపోవాలి. కావున శ్వాసను విడిచి, తరువాతి శ్వాస పీల్చుటకు ముందున్న లిప్తపాటు విరామంలో మీట నొక్కుతుంది. దీనికి ఉర్దూలో ‘ఠహరావ్’ అనే చక్కని మాట ఉన్నది. ప్రవాహం ఎండిపోకుండానే నెమ్మదించుట అని దాని భావం. తెలుగులో ‘నిలకడ’ అంటే కొంతవరకు సరిపోతుంది. అష్టావధానంలో పృచ్ఛకుడు ఘంట కొట్టినప్పుడల్లా లెక్క పెట్టుకొంటూనే పద్యపాదం పూర్తిచేసే అవధానిని చూచినవారికి ఈ శక్తి కొంత బోధపడగలదు; అయితే అవధాని కూర్చొని ఉంటాడు.

దాల్‌మయర్ 2013లో ప్రపంచ కప్ పోటీలలో ప్రవేశించింది. 2014 సోచి ఒలింపిక్స్‌లో ఇరువది ఏళ్ల వయసున పాల్గొన్నది కాని పతకం రాలేదు. జర్మనీలో శీతకాల క్రీడాకారులకు సైన్యం, పోలీసు, కస్టమ్స్ శాఖలు ఉద్యోగమిచ్చి సాధనకు వెసులుబాటు కల్పిస్తాయి. మన రైల్వేలు చేసే పని వంటిదే. దాల్‌మయర్ కస్టమ్స్ శాఖ ఉద్యోగిని. అటువంటి ఆధారం లేనిదే ప్రతిభ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మన కళాశాలల క్రీడాసంఘాలు కూడా ఆలోచింపదగిన ప్రశ్న.

2015లో చెక్ దేశంలోని నోవే మ్యెస్తోలో తొలి ప్రపంచ కప్ విజయం లభించింది. ఆ మార్చిలోనే ఫిన్లండ్‌లోని కొంటియోలహ్తి ప్రపంచ పోటీలలో రిలే స్వర్ణం, పర్స్యూట్ రజతం వచ్చాయి. 2016లో ఓస్లో నగరంలో ఐదు పందెములలో ఐదు పతకాలు. వానిలో పర్స్యూట్ స్వర్ణం ఆమెకు వ్యక్తిగతంగా తొలి ప్రపంచ విజేత పదవి. మాస్ స్టార్ట్‌లో రజతం, తక్కినవి కాంస్యాలు.

ఇక 2017 ఫిబ్రవరి. ఆస్ట్రియాలోని హోఖ్‌ఫిల్ట్‌సెన్‌లో జరిగిన ప్రపంచ పోటీలను ఆమె క్రీడాజీవితానికి శిఖరమని అనవచ్చును. ఆరు పందెములు, ఆరు పతకాలు. మిశ్రమ రిలేలో స్వర్ణం. స్ప్రింట్‌లో చెక్ క్రీడాకారిణి గాబ్రియెలా కౌకలోవాకు మొదటి స్థానం దక్కగా రజతం. తరువాత పర్స్యూట్, ఇండివిడ్యువల్, మహిళల రిలే, చివరి రోజున మాస్ స్టార్ట్, నాలుగింటా స్వర్ణాలే. ఒకే ప్రపంచ పోటీలో ఐదు స్వర్ణాలు గెలిచిన మహిళ బయాథ్లాన్‌లో అంతకు ముందు లేదు. ఓస్లో పతకాలతో కలిపితే వరుసగా పదకొండు ప్రపంచ పోటీ పందెములలో ఆమె పతకం లేకుండా తిరిగి రాలేదన్నమాట. దాదాపు పన్నెండు రోజులపాటు, అలసట రోజురోజుకు పెరుగుతుండగా, నిమ్మకాయ పాటి లక్ష్యాన్ని చూచే కన్ను తొట్రుపడకుండుట మాకు పతకాల సంఖ్య కన్న గొప్పగా తోస్తున్నది. ఆ శీతకాలపు చివర ప్రపంచ కప్ సమగ్ర విజేత స్థానం కూడా ఆమెదే అయినది. 2012లో మగ్దలేనా నోయ్‌నర్ తరువాత ఆ స్థానం అందుకొన్న జర్మన్ మహిళ ఆమెయే.

2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. ఫిబ్రవరి 10వ తేదీ రాత్రి చలి తీవ్రంగా ఉన్నది, గాలి వీస్తున్నది. గాలి వీచినప్పుడు గురి కొంచెం జరపాలి. ఎంత జరపవలెనో యంత్రం చెప్పదు, అనుభవం చెప్పాలి. స్ప్రింట్‌లో పదికి పది లక్ష్యాలు కొట్టి దాల్‌మయర్ స్వర్ణం గెలిచింది. ఆ క్రీడోత్సవంలో జర్మనీకి అదే తొలి స్వర్ణం. రెండు రోజుల తరువాత పర్స్యూట్‌లో ఇరువదికి పందొమ్మిది కొట్టి రెండవ స్వర్ణం అందుకొన్నది. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండు పందెములు గెలిచిన మొదటి మహిళ ఆమె. ఆపైన ఇండివిడ్యువల్‌లో కాంస్యం. రిలేలో జర్మనీ అందరూ ఆశించినట్లు పతకం తేలేకపోయింది. అదీ ఈ ఆటలోని సహజగుణమే.

తరువాతి కథ వేగంగా ముగుస్తుంది. అనారోగ్యం ఆమెను తరచు వెనుకకు లాగింది. 2018-19 పోటీల ఆరంభానికి రాలేకపోయి, ఆలస్యంగా దిగి, జనవరిలో ఇటలీలోని అంతోల్జ్‌లో మాస్ స్టార్ట్ గెలిచింది. మార్చిలో స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్ ప్రపంచ పోటీలలో రెండు కాంస్యాలు గెలిచింది. 2019 మేలో పోటీల నుండి విరమిస్తున్నట్లు ప్రకటించింది. అప్పటికామె వయసు ఇరువది ఐదు! ప్రపంచ పోటీలలో ఏడు స్వర్ణాలు, మూడు రజతాలు, ఐదు కాంస్యాలు. ఒలింపిక్స్‌లో మూడు పతకాలు. ఆ సీమకే చెందిన నోయ్‌నర్ కూడా సరిగా ఇరువది ఐదవ ఏటనే, ప్రపంచ కప్ సమగ్ర విజేతగా ఉండగానే, 2012లో విరమించిన సంగతి ఇక్కడ గమనింపదగినది.

గెలువగల శక్తి ఇంకా ఉండగా మానుకొనుట తప్పా అని మన విద్యార్థులు అడుగవచ్చు. మా ఉద్దేశంలో తప్పు కాదు. పోటీ కోసం అవసరమైన ఆకలి తనలో లేదని తెలిసిన తరువాత పేరు కోసం మరి నాలుగేళ్లు లాగుట ఆమెకు సులభమే అయి ఉండేది. ఆ పని చేసిన క్రీడాకారులు ఎందరో ఉన్నారు. ఆమె మాత్రం క్రీడాశాస్త్రం చదువసాగింది, టెలివిజన్‌లో బయాథ్లాన్ వ్యాఖ్యాతగా పని చేసింది, పర్వతారోహకులకు మార్గదర్శిగా ప్రభుత్వ యోగ్యతాపత్రం పొందింది. బాల్యం నుండి ప్రాణమైన కొండలకు తిరిగి వెళ్లింది. తన ఊరి పర్వత రక్షక దళంలో సభ్యురాలై, ప్రమాదంలో చిక్కినవారిని క్రిందికి తెచ్చే పనిలో పాలుపంచుకొన్నది. ఈ చివరి విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

2025 వేసవిలో ఆమె పాకిస్తాన్ పాలనలోని గిల్గిత్ బల్తిస్తాన్ ప్రాంతానికి వెళ్లింది. హుషే లోయకు పైన, బల్లెం మొనవలె నిలిచిన, ఆరువేల మీటర్లకు మించిన ఒక మంచు శిఖరం ఉన్నది. దాని పేరు లైలా. అరబ్బీలో ‘లైల్’ అనగా రాత్రి; నిజామీ కావ్యం మూలంగా ఆ పేరు మన ఉర్దూ విద్యార్థులకు కొత్త కాదు. జూలై 28వ తేదీ మధ్యాహ్నవేళ, సుమారు 5,700 మీటర్ల ఎత్తున, రాళ్లు విరిగిపడి దాల్‌మయర్‌కు తగిలాయి. వెంట ఉన్న సహచరి వెంటనే సహాయం కోరింది. మరునాడు ఉదయం హెలికాప్టర్ పైనుండి చూచినవారికి ఆమెలో ప్రాణమున్న చిహ్నాలు కానరాలేదు. రాళ్లు ఇంకా పడుతూ ఉండుట చేత ఆమెను చేరుట సాధ్యపడలేదు. సహచరి మాత్రం ప్రాణాలతో దిగిరాగలిగింది. ఆ సాయంత్రం రక్షణ ప్రయత్నం ఆపివేశారు. జూలై 30న మరణవార్త వెల్లడించారు.

అప్పుడు లోకానికి తెలిసిన విషయం ఒకటి ఉన్నది. ఇటువంటిది జరిగినచో తన దేహాన్ని తెచ్చుటకై ఎవ్వరూ ప్రాణాపాయానికి లోను కారాదని, దానిని కొండపైననే విడిచివేయవలెనని ఆమె ముందుగానే వ్రాసి ఉంచింది. మరణించినవారికి స్నానం చేయించి, నమాజు చదివి, మట్టి ఇచ్చుట బ్రతికినవారందరి బాధ్యత అని నేర్చుకొని పెరిగిన మనకు ఈ కోరిక మొదట కఠోరంగా తోస్తుంది. మాకును అట్లే తోచింది. కాని ఆ మాట వ్రాసినది ఎవరు? తాడు పట్టుకొని ఇతరుల కోసం లోయలలోనికి దిగిన మనిషి. దిగేవారికి కూడా ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఉంటారని ఆమె ఎరుగును. రాళ్లు పడే గోడ క్రింద పది మంది నిలుచుట అనగా ఏమిటో లెక్కగట్టగలిగినవారు ఆ కోరికను ఆమె నిర్లక్ష్యానికి ముడిపెట్టరు.

ఆమె కుటుంబం ఆ కోరికను మన్నించింది. ఒలింపిక్ స్వర్ణాలు ఇంట ఉండిపోగా ఆమె లైలా శిఖరం పైననే ఉండిపోయింది. హుషే గ్రామం నుండి గొండొగొరో హిమానీనదం వైపు నడిచేవారికి ఆ శిఖరం వాలు ఒక ప్రక్కనుండి స్కీలపై జారుటకు వీలైన తెల్లని పలకవలె కనిపిస్తుంది.