కుండ మీద గీత: కుమ్మరి సారె నుంచి రోబో దాకా

ఎందుకు చదవాలి?

గ్రూప్స్ సిలబస్‌లో శాతవాహనులు ఒకచోట, రోబోటిక్స్ మరోచోట ఉంటాయి. మట్టిపాత్రకు నగిషీ పెట్టే పని ఈ రెంటినీ కలుపుతుంది. కంకిపాడులో కూర్చుని చదివేవారికి మొదటి ఆధారం దూరంలో ఏమీ లేదు. విజయవాడ దాటితే అమరావతి.

కృష్ణాతీరపు పెంకులు

అమరావతి, ధరణికోట తవ్వకాల్లో దొరికిన శాతవాహనుల కాలపు పెంకుల్లో రెండు రకాలు ముఖ్యం. ఒకటి, ఎర్రగోధుమ పూత మీద తెల్లటి గీతలు, గళ్లు కనిపించే రకం. ఆ గీతలు చేత్తో వేసినవి. రెండోది రౌలెటెడ్ రకం. పళ్లెం అడుగున వలయాలుగా సన్నని గాట్లుంటాయి. పళ్లెం సారె మీద తిరుగుతుండగా పనిముట్టు ఆనించి పెట్టినవి అవి. తిరుగుడును వాడుకుని ఒకే గుర్తును మళ్లీ మళ్లీ వేయడం అప్పటికే తెలుసన్నమాట! 1945లో అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్ వీటిని రోమన్ వర్తకంతో ముడిపెట్టారు. తర్వాతి మట్టి పరీక్షలు మాత్రం ఇవి మన ఉపఖండంలోనే తయారయ్యాయని చూపాయి. ఈ తేడా తప్పక గుర్తుంచుకోండి.

యంత్రాల వరుస

1756లో లివర్‌పూల్‌లో శాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్‌పై బొమ్మలు అచ్చొత్తారు. 2000లో స్పెయిన్‌లో టైల్స్‌కు ఇంక్‌జెట్ యంత్రం వచ్చింది. మన ఇళ్లకు మోర్బీ నుంచి వచ్చే టైల్స్ మీద డిజైన్లు ఇప్పుడు ఎక్కువగా ఈ పద్ధతిలోవే.

రోబో ఎక్కడ అవసరం?

టైల్ చదును కాబట్టి ప్రింటర్ చాలు. గుండ్రటి కూజాకు చాలదు. ఆరు కీళ్ల రోబో చేయి కుంచె పట్టుకుంటే, కింద తిరిగే పీట ఏడో కదలిక అవుతుంది. అసలు చిక్కు గీయడంలో లేదు, పాత్రలో ఉంది. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది. ఒకే అచ్చులో పోసిన రెండు పాత్రలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే ముందు స్కానర్‌తో పాత్ర ఆకారం కొలిచి, కుంచె దారిని దానికి తగ్గట్టు సరిచేస్తారు. ఒకసారి కాల్చిన మట్టి రంగులోని నీటిని ఇట్టే పీల్చేస్తుంది. కుంచె ఆగితే మచ్చ, తొందరపడితే తెగిన గీత. పని తెలిసిన చేయి ఈ వేగాన్ని ఆలోచించకుండానే సర్దుకుంటుంది. రోబోకు ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ కావాలి.

రంగు, మంట

కోబాల్ట్ ఆక్సైడ్ పూసినప్పుడు నల్లగా ఉంటుంది, గ్లేజు కింద కాలాకే నీలమవుతుంది. కాబట్టి పూసేటప్పుడు కెమెరా చూసే రంగు చివరి రంగు కాదు.

మెయిన్స్‌కు

'ఆటోమేషన్–చేతివృత్తులు' అని అడిగితే నా సలహా ఇది: అంచు గీతల్లాంటి ఒకే తరహా పనిని, విషపు లోహాలున్న రంగులు చల్లే పనిని రోబోకు వదలమని రాయండి. నమూనా మీద హక్కు, దాని ఆదాయంలో వాటా కళాకారుడివేనని గట్టిగా రాయండి. భౌగోళిక గుర్తింపు ఉన్న మచిలీపట్నం కలంకారీ, కొండపల్లి బొమ్మలను ఉదాహరణగా ఇవ్వొచ్చు.