పోటీ పరీక్షల ప్రత్యేకం: హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్

మహమ్మద్ ప్రవక్త బోధనలను, ఆచరణను తెలిపే ఉల్లేఖనలే హదీసులు. వాటిని తొలినాళ్లలోనే రాతలో భద్రపరిచిన పండితుడు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్. ఆయన గ్రంథాన్ని ఆధునిక లోకానికి అందించింది మద్రాసు మూలాలున్న హైదరాబాదీ కావడం మనకు గర్వకారణం.

ముఖ్యాంశాలు

- స్వస్థలం: యెమెన్. సోదరుడు వహబ్ కూడా పేరున్న పండితుడే.
- గురువు: ప్రవక్త సహచరుడు అబూ హురైరా.
- గ్రంథం: సహీఫా. ఇందులో 138 హదీసులున్నాయి. నేటికీ లభిస్తున్న అతి ప్రాచీన హదీసు సంకలనాల్లో ఇదొకటి.
- ఉల్లేఖకుల పరంపర (ఇస్నాద్): అబూ హురైరా – హమ్మామ్ – మఅమర్ – అబ్దుర్ రజాక్ – అహ్మద్ ఇబ్న్ హంబల్. ఈ వరుస తప్పక గుర్తుంచుకోవాలి.

చెన్నై, హైదరాబాద్ అనుబంధం

డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయన పూర్వీకులది మద్రాసుకు (నేటి చెన్నై) చెందిన పండిత కుటుంబం. డమాస్కస్, బెర్లిన్‌లలోని సహీఫా రాతప్రతులను పోల్చి, 1953లో ప్రచురించారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు.

ఎందుకు ముఖ్యం?

హదీసులను చాలాకాలం నోటిమాటగానే చెప్పుకున్నారని, రాత ఆలస్యంగా మొదలైందని పలువురు భావించేవారు. సహీఫాలోని పాఠం తర్వాతి సంకలనాలతో చాలావరకు సరిపోలింది. దాంతో కంఠస్థంతోపాటు రాత కూడా తొలినాళ్ల నుంచే ఉందనే వాదనకు బలం చేకూరింది.

మాదిరి ప్రశ్న

సహీఫా హమ్మామ్‌ను పరిష్కరించి ప్రచురించిన హైదరాబాద్ పండితుడు ఎవరు?
జవాబు: డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా