పరీక్షల్లో ఏమీ లేదు, కానీ నొప్పి నిజమే

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుండి పదమూడు, పదిహేనేళ్ల పిల్లలను కడుపునొప్పి అని ఆసుపత్రికి తీసుకొస్తుంటారు. కొందరికి రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగ్ అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అని కోప్పడతారు. అది నాటకం కాదు. బిడ్డకు నొప్పి నిజంగానే ఉంది.

మనసులోని బాధ కడుపులోకి ఎలా వస్తుంది?

మన పేగుల గోడలలో 10 కోట్లకు పైగా నరాల కణాలు ఉన్నాయి. వీటికి మెదడుతో నేరుగా సంబంధం ఉంది. భయం, దిగులు ఎక్కువైతే పేగుల కదలిక మారుతుంది. మామూలుగా మనకు తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పరీక్ష రోజు ఉదయం కడుపు పట్టేయడం, విరేచనం కావడం ఇందువల్లనే.

దిగులుకు కారణాలు

అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతే బిడ్డ అవ్వ దగ్గర ఒంటరిగా మిగలడం, పదో తరగతి భయం, బడిలో ఏడిపించడం, ఇంట్లో తాగుడు, గొడవలు, చదువు మాన్పించి పెళ్లి చేస్తామనడం.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

జ్వరం, పొత్తికడుపు కుడివైపు పెరుగుతున్న నొప్పి, ఆగని వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలో నుండి లేపే నొప్పి. మగపిల్లలకు వృషణంలో అకస్మాత్తుగా నొప్పి వస్తే గంటల్లోనే చికిత్స అందాలి. ఆడపిల్లలకు నెలసరి గురించి కూడా అడగండి.

మీరు చేయవలసినవి

1. ముందుగా డాక్టరుకు చూపించండి. కడుపు మీద వాతలు పెట్టించవద్దు. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయవద్దు; వాటిలో కొన్ని కడుపులో పుండు చేస్తాయి.

2. నొప్పి ఏ రోజు, ఏ వేళకు వచ్చిందో రెండు వారాలు రాయండి. ఆదివారం రాని నొప్పి సోమవారం వస్తుంటే కారణం బడిలో ఉండవచ్చు.

3. నలుగురి ముందు కాక, పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడగండి. మధ్యలో తిట్టకుండా చివరిదాకా వినండి.

4. వేళకు తిండి, నిద్ర ఉండాలి. ప్రమాద లక్షణాలు లేవని డాక్టరు చెప్పాక బడి మాన్పించవద్దు.

5. బిడ్డ "చచ్చిపోవాలని ఉంది" అంటే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లో ఉంటే తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా, పగలయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డ కోసం ప్రార్థించండి. బిడ్డ చెప్పేది కూడా వినండి. రెండూ అవసరమే.