చేతుల్లోంచి దిగని లోడు

డిసెంబరు నెల, నూర్పుల రోజులు. శ్రీముఖలింగంలో దర్శనం చేసుకుని వంశధార ఒడ్డు పల్లెల మీదుగా తిరిగొస్తున్నాం. ఒకచోట రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంది. మిగిలిన సగంలో బైకు పడుతుంది, ఆటో పడుతుంది. ఏడు మీటర్ల మా వ్యాను పట్టదు. మమ్మల్ని చూసి ఒక ముసలమ్మ పార పట్టుకుని లేచింది. "వద్దమ్మా, నేనే వెనక్కి తీసుకుంటాను" అన్నాను. "ఏటవుతాది బాబూ, సిటికెలో అయిపోతాది" అంటూ పొద్దుట నుంచి ఎండలో నెరిపిన గింజల్ని కుప్పకు లాగడం మొదలుపెట్టింది.

నాకు మనసొప్పలేదు. మా ఆవిడ దిగి, వ్యాను వెనక నడుస్తూ, అరచేత్తో బాడీ మీద తడుతూ "రానీండి... రానీండి... ఆగండి" అంటుంటే అర కిలోమీటరు వెనక్కి నడిపాను. మెడ తిరగడం లేదు. చేతులు వణికాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇద్దరం తిరగడానికి ఇంత బండి ఎందుకు? మా బరువును దారిలో ఎవరెవరు మోయాల్సి వస్తోంది?

నేను విజయనగరం జిల్లాలో ఫిజిక్సు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్ హ్యాండులో ట్రావెలర్ వ్యాను కొన్నాను. లోపల మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు కట్టించి, ఆర్టీఏ ఆఫీసులో ఆ మార్పులు నమోదు చేయించాను. అమ్మ, పిల్లలు, మేము, మొత్తం ఆరుగురం. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, బారువ తీరం, తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకునే కొంగలు, అన్నీ ఆ వ్యానులోంచే చూశాం. తర్వాత అమ్మ వెళ్లిపోయింది. పిల్లలు ఉద్యోగాలకు దూరమయ్యారు. వ్యాను మాత్రం ఆరుగురి కోసమే ఉండిపోయింది.

కాటా చీటీ

మర్నాడు వ్యానుని ఉన్నదున్నట్టు ఊరి చివర కాటా మీదకెక్కించాను. చీటీ మీద 3,640 కిలోలు వచ్చింది. మా ఇద్దరి ఒంటి బరువు కలిపితే 130. అంటే ఆ బరువులో మేము ఇరవై ఎనిమిదో వంతు. మిగిలినదంతా మా కోసం అనుకుంటూ మేము మోస్తున్నది.

ఇంటికొచ్చి ఒక్కొక్కటీ దించి రాసుకున్నాను. నీళ్ల ట్యాంకు 120 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు, కాబట్టి అదే 120 కిలోలు. ఇన్వర్టరు బ్యాటరీ 55. పద్నాలుగు కిలోల గ్యాసు సిలిండరు, ఇనుముతో కలిపి ముప్పై దాకా తూగింది. ఆరుగురి పరుపులు, ఆరుగురి కంచాలు, అమ్మ వాడిన ఇత్తడి గుండిగ. ఇక చిన్న బండికి దిగాలనుకున్నాం.

బ్రిటన్‌లో వయసు పైబడిన దంపతులు ఎందరో ఇలాగే పెద్ద బండి నుంచి చిన్న బండికి దిగుతారు. అక్కడ మామూలు కారు లైసెన్సు మీద పెట్రోలు, డీజిలు బండ్లను 3,500 కిలోల దాకానే నడపాలి. 1997కు ముందు పరీక్ష పాసైనవాళ్లకు 7,500 కిలోల దాకా అనుమతి ఉంది గాని, డెబ్బై ఏళ్లకు అది నిలబడాలంటే వైద్య పరీక్ష కావాలి. మన దేశంలో తేలిక వాహనం అంటేనే 7,500 కిలోల దాకా లెక్క. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ పరిమితిలోని రవాణా వాహనాలకు తేలిక వాహన లైసెన్సే చాలునంది. యాభై అయిదు దాటిన మనం అయిదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటాం, డాక్టరు సర్టిఫికెట్టు పెడతాం. ఇంత బండి ఇక చాలు అని మాత్రం మనకు ఏ కాగితమూ చెప్పదు. ఆ గీత మనమే గీసుకోవాలి. ఒళ్లు చెప్పే మాట మొదటిసారే వింటే మర్యాదగా దిగవచ్చు. వినకపోతే దెబ్బ తగిలి దిగాలి.

ఒగ్గడం ఒక విద్య

మన ఉత్తరాంధ్రలో వదిలేయడాన్ని "ఒగ్గేయడం" అంటాం. "ఒగ్గీరా బాబూ" అని పెద్దవాళ్లు ఎంత మెత్తగా అంటారో! అయినా బరువు మోసేవాడినే బలవంతుడంటాం. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తినాయుడు కథలు వింటూ ఎదిగినవాళ్లం. కదిలే కార్లను తాళ్లతో పట్టి ఆపిన ఆ మల్లుడి పేరు శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నాం. ఆయనను ఇప్పటికీ తలుచుకుంటాను. అయితే ఇప్పుడు నాకు మరో సంగతి కూడా తోస్తోంది. తాడు పట్టడం ఎంత సాధనో, సరైన క్షణంలో సడలించడమూ అంతే సాధన.

మేము తిరిగే ఈ దారినే 1831లో ఏనుగుల వీరాస్వామయ్య వచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, పూరీ మీదుగా మన కళింగసీమలోంచి తిరుగుముఖం పట్టి, 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరారు. పల్లకీలు, డేరాలు, వంద మంది దాకా పరివారం. నడిచే ఊరు అది. ఆ డేరాలు ఏమయ్యాయో ఎవరికీ పట్టదు. దారిలో రాసుకున్న సంగతులు మాత్రం 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయి, నేటికీ మన చేతిలో ఉన్నాయి. ఆయన మోయించిన వాటిలో అన్నిటికన్నా తేలికైనది ఆ కాగితాల కట్టే అయుంటుంది.

మేము సామాను మూడు కుప్పలు చేశాం. రోజూ వాడేది, ఏడాదికోసారి వాడేది, మనసు కోసం దాచింది. రెండో కుప్ప వెంటనే పంచేశాం. మూడో కుప్ప దగ్గర వారం రోజులు ఆగాం. అమ్మ గుండిగను మా ఆవిడ ఎన్నిసార్లు తుడిచి పక్కన పెట్టిందో! చివరికి పదిమందికి వండే మా మేనకోడలి ఇంటికి పంపింది. ఇచ్చిన వస్తువు ఇంకొకరి పొయ్యి మీద ఉడుకుతుంటే అది పోయినట్టు కాదు. అటక మీద చీకట్లో ఉంచిందే పోయినట్టు.

వ్యాను అమ్మి మారుతీ ఈకో కొన్నాం. పొడవు మూడు మీటర్ల అరవై ఏడు సెంటీమీటర్లు, ఖాళీ బరువు తొమ్మిది వందల కిలోల చిల్లర. దాన్ని కోయలేదు, వెల్డింగు పెట్టలేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. సీటు ఎత్తుకు సరిపడే మడత పలకలు, సన్న పరుపు, అయిదు కిలోల చిన్న సిలిండరు, రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. వంట ఎప్పుడూ బండి బయటే. మళ్లీ కాటా వేయిస్తే మాతో సహా 1,260 కిలోలు. దాదాపు మూడో వంతుకు దిగాం. ఇక పని అయిపోయిందనుకున్నాను.

సాలూరు పాఠం

మొదటి ప్రయాణంలోనే తెలిసింది, కాలేదని. మలుపు వచ్చినా ముందుకు పోనిచ్చి ఆలస్యంగా తిప్పుతున్నాను. పొడవాటి బండికి వెనక చక్రాలు లోపలి అంచు కోసుకుపోతాయి కాబట్టి అప్పుడది అవసరం. పొట్టి బండికి అదే అలవాటు ఎదురు లేనులోకి తీసుకెళ్తుంది. బ్రేకు పాత బలంతోనే తొక్కుతున్నాను. క్యాన్లు ముందుకు దొర్లుతున్నాయి, మా ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకుంటోంది. మడపాం దగ్గర వంశధార వంతెన మీద పెద్ద లారీ పక్కనుంచి దాటితే ఆ గాలికి బండి ఊగింది. నేను స్టీరింగు బిగించి ఎదురు లాగాను. గాలి వదలగానే బండి అటు తూలింది.

సాలూరులో మాకు తెలిసిన ఒక పెద్ద డ్రైవరున్నాడు. లారీలకు పేరుపడ్డ ఊరది. ఆయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. క్యాబిన్లోనే వండుకుని, క్యాబిన్లోనే పడుకుని దేశమంతా తిరిగిన మనిషి. అసలు మన ప్రాంతంలో చక్రాల మీది ఇల్లంటే మొదట అదే కదా. ఇప్పుడు కూరగాయల టాటా ఏస్ నడుపుతున్నాడు. నా పక్కన కూర్చుని సుంకి ఘాటు దాకా వచ్చాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు:

"లోడు బండిలోంచి దిగిపోనాది మాస్టారూ. మీ సేతుల్లోంచి ఇంకా దిగనేదు."

ఎన్నో పుస్తకాలు చదివాను గాని, నా గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. సామాను దించడానికి నాకు మూడు వారాలు పట్టింది. చేతులు తేలికవడానికి ఆరు నెలలు పట్టింది.

ఆయన చెప్పిన పద్ధతి చాలా మామూలుది. "ముందు ఖాళీ జాగాలో బండితో మాటాడండి. రోడ్డెక్కినాక మాటాడితే అది ఇనదు" అన్నాడు. ఊరి చివర ఖాళీ లేఅవుట్లో రెండు కొబ్బరి మట్టలు పరిచి, రోజూ తెల్లారి అరగంట వాటి మధ్యకు వెనక్కి నడిపాను. ముప్పై కిలోమీటర్ల వేగంలో ఎంత తొక్కితే ఎక్కడ ఆగుతుందో సున్నంతో గీత గీసి చూశాను. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుందని వేలమంది పిల్లలకు బోర్డు మీద రాశాను. నా మడమకు అది ఆ గీతల దగ్గరే అర్థమైంది. వంతెన మీద గాలి కొడితే వేగం తగ్గించి, స్టీరింగును గట్టిగా కాకుండా నిలకడగా పట్టుకోవడం నేర్చుకున్నాను. ఘాటులో పాత డీజిలు బండి మూడో గేరులో లాగిన చోట ఈ పెట్రోలు బండికి ముందే రెండోది వేయాలి. దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి.

ఇంకొకటి. పాత వ్యానులో వెనక బీరువా అడ్డం వల్ల మధ్య అద్దంలో ఏమీ కనిపించేది కాదు. కొత్త బండిలో వెనకంతా చక్కగా కనిపిస్తోంది. అయినా రెండు నెలల పాటు నేను ఆ అద్దం వంకే చూడలేదు. అడ్డం తొలగినా కళ్లు అడ్డం ఉన్నట్టే మసలాయి.

ఇంట్లో పెద్ద మలుపులు

ఆ అద్దం గురించి ఆలోచిస్తుంటే ఇల్లు గుర్తొచ్చింది. నేను హెడ్మాస్టరు కుర్చీ దిగి ఏళ్లయింది. మనవడు ఫోనులో ఒక ముక్క అడిగితే పీరియడంతా చెప్పేవాణ్ణి. వాడు అడగడం మానేశాడు. ఇల్లు చిన్నదైంది, నా గొంతు మాత్రం ఇంకా ప్రేయరు గ్రౌండుకు సరిపడేలా ఉంది. ఒక్క మాటతో తిరిగే మలుపును పెద్దగా తిప్పి, ఎదుటివాళ్ల దారిలోకి వెళ్తున్నాను.

మా ఆవిడ సంగతీ అంతే. ఇద్దరమే ఉన్నా ఆమె చెయ్యి తవ్వ నిండా బియ్యం కొలిచేది. రోజూ అన్నం మిగిలేది. మిగిలిన అన్నం చూసి రోజూ మనసు చివుక్కుమనేది. చేతికి ఇంకా ఆరుగురే గుర్తు.

పెద్ద పదవి నుంచి దిగినవాళ్లు, పెద్ద దుకాణం మూసి చిన్నది తెరిచినవాళ్లు, పిల్లల్ని దూరదేశాలకు పంపిన తల్లిదండ్రులు, అందరం ఈ దశ దాటాల్సినవాళ్లమే. పరిస్థితి ఒక్కరోజులో చిన్నదవుతుంది. మనిషి ఆ కొలతకు రావడానికి అభ్యాసం కావాలి. ఆ నడిమి కాలంలో జరిగే తప్పుల్ని చూసి "నా పని అయిపోయింది" అనుకోకండి. అది చేతకానితనం కాదు, పాత నేర్పు. కొత్త చోట అది ఒదగడానికి సమయం ఇవ్వండి.

నాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, కాటా వేయండి. మోస్తున్నదేమిటో కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని పక్కన అది ఎవరి కోసమో రాయండి. ఆ మనిషి ఇప్పుడు మీతో లేకపోతే ఆ బరువు గురించి ఆలోచించండి.

రెండోది, దించినదాన్ని వాడుకునే చేతికే ఇవ్వండి. అప్పుడు దిగులు సగం తగ్గుతుంది.

మూడోది, ఖాళీ జాగాలో సాధన చేయండి. పొరపాటు చేసినా ఎవరికీ దెబ్బ తగలని చోటు వెతుక్కోండి. నేను మనవడితో మాట్లాడేటప్పుడు ముందు వాణ్ణి రెండు ప్రశ్నలు అడిగి, తర్వాత ఒక్క వాక్యమే చెప్పడం సాధన చేశాను. ఇప్పుడు వాడే ఫోను చేస్తున్నాడు.

నాలుగోది, మీకన్నా ముందు దిగినవాళ్లను గురువుగా పెట్టుకోండి. లారీ నుంచి ఏస్‌కు దిగిన ఆ సాలూరు మనిషి ముఖంలో తక్కువైపోయానన్న నీడ నాకెక్కడా కనిపించలేదు.

మొన్న నూర్పులకు మళ్లీ శ్రీముఖలింగం వెళ్లాం. అదే రోడ్డు, అలాగే ధాన్యం. మిగిలిన సగంలోంచి మెల్లగా దాటాం. గింజ నలగలేదు, ఎవరూ పార పట్టుకుని లేవలేదు. సాయంత్రానికి కళింగపట్నం చేరి, వంశధార సముద్రంలో కలిసేచోటికి కాస్త ఇవతల సరుగుడు నీడన బండి ఆపాం. మా ఆవిడ స్టవ్వు వెలిగించి, బియ్యం సంచిలో తవ్వ ముంచింది. నిండా వచ్చింది. ఒక్క క్షణం దానివంక చూసింది. సగం మళ్లీ సంచిలో పోసి, మిగిలిన సోలెడు బియ్యం కడగడానికి లేచింది.